బెర్బర్ రాజుగారి అలక

మా ఆయన మా అల్లుణ్ణి శత్రువుల చేతికి పట్టియ్యాలి. ఆ ఏడు ఉగాది నాటకంలో ఆయన చెయ్యాల్సింది అంతే. పిలవాలి, వచ్చాక పట్టియ్యాలి. రెండు వేల ఏళ్ళ కిందట ఒక మామగారు శుభ్రంగా చేసి చూపించిన పనే. అది మా ఆయన చేతిలో ఎలా చెడిందో చెప్పాలంటే, మా మేడమీద గదిలో అద్దెకున్న విద్యార్థి దగ్గర మొదలుపెట్టాలి.

మలేషియాలో ఇపో అనే ఊళ్ళో, మాది వరస ఇళ్ళలో ఒకటి. కూతురు పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టాక పైగది ఖాళీ పడింది. కాలేజీలో చదువుకునే ఒకతను అద్దెకొచ్చాడు. అల్జీరియా వాడు. అరబ్బువాడివా అని అడిగితే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కాదు మక్చిక్, మేం కొండలవాళ్ళం, బెర్బర్లం. అరబ్బులు రాకముందు నించీ అక్కడే ఉన్నాం" అన్నాడు. మక్చిక్ అంటే మలాయ్‌లో పిన్నిగారు. మేమిద్దరం మలాయ్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. నాది గ్లవ్స్ ఫ్యాక్టరీలో నేర్చిన మలాయ్, అతనిది పుస్తకంలో నేర్చిన మలాయ్. ఎక్కడ కలవకపోతే అక్కడ చేతులు కలిపేవి.

ఒకరోజు వాళ్ళ దేశపు వంట చేసి పెట్టాడు. గోధుమ రవ్వని ఆవిరి మీద ఉడికించి పైన కూరగాయల పులుసు పోశాడు. మా ఆయన తిని, "బాగుందే, ఉప్మాకి పోపు మర్సిపోయినాడు పాపం" అన్నారు. అప్పటినించీ అతను అది వండినప్పుడల్లా మా ఆయన కాస్త ఆవాల పోపు వేయించుకుని పట్టుకెళ్ళి దాని మీద పోసి వచ్చేవారు. అతను పాపం అలాగే తినేసేవాడు.

ఒక వాన సాయంత్రం నేను ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతుంటే వచ్చి కూర్చుని తనూ తుంచుతూ, వాళ్ళ పాత రాజు కథ ఒకటి చెప్పాడు. నా చదువు రబ్బరు తోటలో తెలుగు బడిలో మూడో తరగతితో ఆగిపోయింది గానీ, విన్నది మాత్రం నాలోంచి పోదు. ఆ ఆదివారం కూతురూ అల్లుడూ భోజనానికి వస్తే అన్నం వడ్డిస్తూ ఆ కథే ఎత్తుకున్నాను.

ఆ రాజుకి తండ్రి లేడు. పెదనాన్న పెంచాడు. పెదనాన్నకి ఇద్దరు కొడుకులు. వాళ్ళిద్దరూ ఉత్త పప్పుసుద్దలు, ఇతను మాత్రం గుర్రమెక్కితే అందరికన్నా ముందు, సింహం వేటలో మొదటి బల్లెం ఇతనిదే. ఇలాంటివాడు ఇంట్లో ఉంటే నా కొడుకుల గతేమిటని పెదనాన్నకి బెంగ. రోము వాళ్ళు ఎక్కడో దూరదేశంలో యుద్ధం చేస్తుంటే వాళ్ళకి సాయంగా పంపించాడు. పోతే పోతాడని లోపల. అతను పోలేదు సరికదా, రోము సేనాపతి రాసిచ్చిన మెప్పు ఉత్తరం పట్టుకుని తిరిగొచ్చాడు.

"మంచి రిపోర్ట్ కార్డు లా" అంది మా కూతురు. మాట చివర ఆ లా తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటు.

ఇక చేసేదిలేక పెదనాన్న ఇతన్ని దత్తత చేసుకుని, రాజ్యం ముగ్గురూ పంచుకోండని చెప్పి కన్ను మూశాడు. ముగ్గురికి ఒక రాజ్యం! మా మామగారు పోతూ పోతూ ముగ్గురు కొడుకులకీ కలిపి ఒక మోటారుసైకిలు వదిలారు. దాని సీటు ఇప్పటికీ మా బావగారింట్లో ఉంది, అద్దాలు మా ఇంట్లో ఉన్నాయి. రాజ్యమైతే ఇంకేం మిగులుతుంది? ఈ రాజు ఒక దాయాదిని పనిమనిషి గుడిసెలో దాక్కున్న చోటే చంపించాడు. రెండోవాణ్ణి ఊరు చుట్టూ ముట్టడివేసి, లొంగిపోతే ప్రాణం దక్కుతుందని నమ్మించి, లొంగాక చంపాడు.

"అత్తా, ఈ రాజు హీరోవా, విలనా?" అన్నాడు అల్లుడు.

"ముందు తిను నాయనా, తర్వాత సెప్తాను."

మా ఆయన తలెత్తి సీలింగ్ ఫ్యానుతో, "రాజన్నాక రెండూనూ" అన్నారు.

ఫ్యానుతో ఎందుకన్నారో కాసేపట్లో చెబుతాను. ముందు రాజుని పూర్తిచేస్తాను.

రోము వాళ్ళు తగువు తీర్చడానికి వచ్చిన ప్రతిసారీ అతను బంగారం చూపించేవాడు. వాళ్ళు బంగారం తీసుకుని తగువు మర్చిపోయేవాళ్ళు. ఒకసారి రోముకే పిలిపిస్తే వెళ్ళి, ఆ ఊళ్ళో కొనలేనిదేదీ లేదని తేల్చుకుని వచ్చాడట. కడకి బంగారానికి లొంగని సేనాపతులు వచ్చారు. ఎడారిలో ఏళ్ళ తరబడి యుద్ధం. ఇవాళ ఇక్కడ కొడతాడు, రేపు ఇసకలో మాయమవుతాడు. అలిసిపోయి పడమట రాజ్యమేలే సొంత మామగారి దగ్గరికి చేరాడు.

ఆ మామగారు గోడమీద పిల్లి. రోము దొర ఒకడు వచ్చి, అల్లుణ్ణి మాకియ్యి, మనం స్నేహంగా ఉందామన్నాడు. సరే అన్నాడు. అల్లుడేమో ఆ దొరని నాకియ్యి అన్నాడు. దానికీ సరే అన్నాడు. పొద్దున్న ఒక మనసు, మధ్యాహ్నం ఒక మనసు. ఆఖరికి మాట్లాడుకుందాం రమ్మని అల్లుణ్ణి పిలిచాడు. అతను కత్తి కూడా లేకుండా వచ్చాడు. పొదల్లోంచి మనుషులు లేచి కట్టేశారు. రోము వీధుల్లో గొలుసులతో ఊరేగించారు, చెవి పోగు లాక్కోవడానికి చెవి తమ్మే తెంపారు, చీకటి నేలమాళిగలో పడేసి అన్నం పెట్టకుండా చంపారు.

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మావే పట్టిచ్చినాడా? సొంత మావే? ఆడు మడిసేనేటే?" అన్నారు నాతో.

అల్లుడు కంచంలోకి చూస్తూ తన తమిళ యాసలో, "అయినా ఆ మామ, రా అల్లుడా అని నోరారా పిలిచారు గదా అత్తా" అన్నాడు.

అందరం నవ్వాం. మా కూతురు మాత్రం నవ్వలేదు. ఎందుకంటే, పెళ్ళయి ఏడాదైనా మా ఆయన అల్లుణ్ణి ఒక్కసారి కూడా పిలవలేదు. ఏది చెప్పాలన్నా ఫ్యానుకి చెప్పేవారు. "ఇంకొంచెం సేప ఏసుకోమను." "వాన పడతాది, బండి లోపలెట్టుకోమను." ఫ్యాను తిరుగుతూనే ఉండేది, అల్లుడు చేప వేసుకునేవాడు, బండి లోపల పెట్టుకునేవాడు. కోపమా అంటే కోపం కాదు, మంచి ముక్క అతని కంచంలోకే వెళ్ళాలి. నోట్లో పిలుపు మాత్రం లేదు.

దీనికంతటికీ కారణం పెళ్ళిలో అలక పాన్పు. తోటలనించి వచ్చిన మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ ముచ్చట ఇంకా ఉంది. పెళ్ళికొడుకు మంచం మీద కూర్చుని మూతి ముడుచుకుని అలగాలి. మామగారు వచ్చి, అల్లుడా, నాయనా, ఏం తక్కువైంది అని బతిమాలి, చేతిలో ఏదో ఒకటి పెట్టి లేపాలి. మా అల్లుడికి తాతగారి వైపు తెలుగే గానీ ఇంట్లో అంతా తమిళం. ఈ సంగతి అతనికి తెలియదు. మేం చెప్పలేదు. అలగడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాం.

మా ఆయన మూడు రోజులు అద్దం ముందు ఆ మాటలు వల్లించుకున్నారు. మంచి చేతి వాచీ ఒకటి కొని జేబులో పెట్టుకున్నారు. తీరా చూస్తే అల్లుడు మంచం మీద చెవులదాకా నవ్వుతూ కూర్చున్నాడు. ఈయన గొంతు సవరించుకునేలోపే, "ఒన్నుం వేండాం మామా, ఏమీ వద్దు, అంతా సంతోషం" అని లేచి, పాయసం చల్లారిపోతోందని భోజనాల దగ్గరికి వెళ్ళిపోయాడు. అల్లుడు అలగాల్సిన చోట మామగారు అలిగారు. "అలగనోడు అల్లుడేటే? సుట్టం గానీ. మనింట్లో ఆడికేటీ అక్కర్లేదన్నమాట" అన్నారు. వాచీని బీరువాలో చొక్కాల కింద పెట్టేశారు. వల్లించుకున్న మాటలూ, అందులో ఉన్న ఆ పిలుపూ ఎక్కడ దాచుకున్నారో ఆయనకే తెలియాలి.

ఇక నాటకం సంగతి. మా తమ్ముడు స్కూలు బస్సు నడిపి మానేశాడు. ఇపోలో మా తెలుగువాళ్ళ సంఘం ఉగాదికి వేసే నాటకాలన్నీ వాడే రాస్తాడు, వాడే ఆడిస్తాడు, మంచి వేషం మిగిలితే వాడే వేస్తాడు. నేను కథ చెప్పగానే ఎగిరి గంతేశాడు.

"అప్పా, ఈ కత నాకిచ్చీ. ఏటా అదే దేవుడు, అదే రాచ్చసుడు. రోము నాటకం ఇంతవరకూ ఎవడూ ఎయ్యలేదు లా!" మా ఇంట్లో అక్కని అప్ప అంటారు.

"ఇత్తాను గానీ, సివర మార్సకూడదు. పైగది అబ్బాయి వాళ్ళ నాయనమ్మకి ఫోన్లో పంపుతాడట. ఉన్నది ఉన్నట్టు సేత్తామని మాటిచ్చినాను."

"నేను మార్సడమేటి! సెవి తమ్మె కూడా తెంపుతాను."

మామగారి వేషం ఎప్పుడూ పెద్దమనిషి వేషాలు కట్టే ఒకాయనకి ఇచ్చారు. అదే వారం ఆయన కొత్త పళ్ళు కట్టించుకున్నారు. మాట్లాడితే ఈల వస్తోంది. అప్పుడు మా తమ్ముడి కన్ను మా ఆయన మీద పడింది. మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా ప్రతి నాటకంలోనూ ఉన్నారు, కానీ ఒక్క మాట కూడా అనలేదు. సింహాసనం పక్కన ఈటె పట్టుకుని నిలబడే భటుడు. దోమ కుట్టినా కదలరు. ఈటె పట్టుకోవడంలో ఇపోలో ఆయనకి సాటి లేరు. అలాంటి మనిషిని మాట్లాడే వేషం వెయ్యమనేసరికి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఈ కబురు వినగానే మా అల్లుడు పరుగున వచ్చి, రాజు వేషం తనకి కావాలన్నాడు.

"నీ తెలుగు సరిపోద్దేటి నాయనా?" అన్నాడు తమ్ముడు.

"ఆ రాజుకి మాత్రం తెలుగు వచ్చా అంకుల్?"

మా తమ్ముడు పకపకా నవ్వాడు. వేషం ఇచ్చేశాడు. అల్లుడికి ఆ వేషం ఎందుకు కావాలో నాకు అర్థమైంది. ఆ కథలో మామగారు ఒకచోట నోరు తెరిచి, "రా అల్లుడా" అనాలి. అది మోసపు పిలుపే కానీ, పిలుపు పిలుపే కదా.

మా ఇంటి ముందు కారు పెట్టే చోట రిహార్సల్స్. అన్నీ బాగానే సాగేవి, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మా ఆయన, "రా... ఆఁ... అంతే, పిలిసినాననుకో" అనేవారు.

"అనుకోడమేటి బావా? మాట బయటికి రావాలి" అనేవాడు తమ్ముడు.

"ఆ రోజు వత్తాదిలేరా. ఇప్పుడే అనేత్తే అరిగిపోద్ది."

అల్లుడు ప్రతిసారీ ఆ పిలుపు కోసం రెండడుగులు ముందుకు వేసి నిలబడేవాడు. రానప్పుడల్లా నవ్వేసి వెనక్కి వెళ్ళేవాడు. ఒకరోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అడిగేశాడు. "అత్తా, నేనేం తప్పు చేశాను? మామ ఒక్కసారి పిలిస్తే చాలు నాకు. తిట్టినా పర్వాలేదు."

ఇక దాచలేక అలక పాన్పు గురించి చెప్పాను. అతను గిన్నె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"అలగాలా? నేను సంతోషంగా ఉన్నానని మామకి ఏడాదిగా కోపమా?"

"సంతోషానికి కాదు నాయనా. ఏటీ అడగలేదని."

"ఇప్పుడు అలగొచ్చా?"

"పెళ్ళి పందిరి తీసేసి ఏడాదైంది. ఇప్పుడెక్కడ అలుగుతావు?"

"ఎందుకు అలిగానో చెప్పాలా అత్తా?"

"సెప్పకూడదు. సెప్తే అది అలక కాదు, కంప్లయింటు."

ఆ వారమంతా అద్దం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటున్నాడని మా కూతురు ఫోన్ చేసి చెప్పింది. పాపం, అలక రావడం లేదట. మూతి ముడవగానే నవ్వొచ్చేస్తోందట.

ఉగాది తర్వాత ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీకి బంగారు రంగు కాగితం చుట్టి సింహాసనం చేశారు. రోము సైనికులకి మోటారుసైకిలు హెల్మెట్లు, వాటి మీద కొబ్బరి ఈనెల చీపుళ్ళు నిలబెట్టి కట్టారు. ఎర్ర టేబుల్ గుడ్డలు భుజాల మీద. రోము దొర వేషం మా తమ్ముడిదే, వాడి చీపురు అందరికన్నా పొడుగు. నేను తెర పక్కన మైకు పట్టుకుని కూర్చున్నాను. కథ చెప్పేది నేను. పైగది అబ్బాయి ముందు వరసలో ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

తెర లేవకముందే ఒక గొడవ. మా ఆయన జరీ పంచె కట్టుకుని, అట్ట కిరీటం పెట్టుకుని వచ్చారు. చేతికి తళతళా మెరుస్తూ వాచీ.

"బావా, రెండు వేల ఏళ్ళ నాటి రాజుకి వాచీ ఏటి?"

"యుద్ధానికి టైముకి ఎల్లొద్దేటిరా?"

"తియ్యి బావా, జనం నవ్వుతారు."

"తియ్యను."

ఆ వాచీ ఏదో నాకు తెలుసు. ఏడాదిగా దాని మీద చొక్కాలు మడతపెట్టి సర్దుతున్నదాన్ని నేనే. నేను మైకు సరిచేసుకున్నాను.

పెదనాన్న చనిపోవడం బాగా జరిగింది. దాయాదుల్ని చంపడం ఇంకా బాగా జరిగింది, ఒకడు చచ్చాక తుమ్మాడంతే. ఎడారి రాగానే మా తమ్ముడు హాల్లో ఫ్యాన్లన్నీ ఆపించేశాడు, జనానికి ఎడారి తెలియాలని. రెండు నిమిషాల్లో తెలిసింది. "ఫేన్లెయ్యండ్రా సన్నాసుల్లారా! మేకప్పు కారిపోతాంది!" అని ఆడవాళ్ళు అరిస్తే మళ్ళీ వేశారు. ఎడారి అక్కడితో అయిపోయింది.

ఇక మామగారి కోట. ఒక పక్క తాడు పట్టుకుని రోము సైన్యం నక్కి ఉంది. ఇంకో పక్క రాజు కత్తి లేకుండా వచ్చి నిలబడ్డాడు. మధ్యలో మా ఆయన. నేను మైకులో, "అప్పుడు ఆ మామగారు, తన అల్లుణ్ణి పిలిచాడు" అన్నాను.

మా ఆయన పెదాలు కదిలాయి. మాట లేదు. ఫ్యాను వంక చూస్తారేమో అని నాకు భయం. చూడలేదు. కళ్ళు మూసుకుని, తెరిచి, "రా అల్లుడా" అన్నారు. చిన్న గొంతు. అయినా వెనక వరసదాకా వినిపించింది.

అల్లుడు రావాలి. రెండడుగులు వేస్తే పొదల్లోంచి సైన్యం లేస్తుంది. అల్లుడు రాలేదు. అక్కడే నిలబడి మామగారి ముఖంలోకి చూశాడు. తర్వాత వెనక్కి వెళ్ళి ఆ బంగారు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు కట్టుకుని తల అటు తిప్పుకుని, మూతి ముడిచాడు. అద్దం ముందు రానిది అక్కడ వచ్చేసింది. నిజమైన అలక.

మా తమ్ముడు హెల్మెట్ లోంచి, "ఏటిది? ఇది రాయలేదు నేను!" అన్నాడు.

ముందు వరసలో ఒక పెద్దామె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "అలిగినాడర్రా! అల్లుడు అలిగినాడు!"

మా ఆయన కిరీటం తీసి కింద పెట్టి, కుర్చీ దగ్గరికి వెళ్ళి మోకాలి మీద కూర్చున్నారు. ఏడాది కిందట వల్లించిన మాటలు ఒక్కటీ పోలేదు. "అల్లుడా, నాయనా, ఏటి తక్కువైంది నీకు? ఎవులేటన్నారు? మా పిల్ల ఏటన్నా అన్నాదా? కూర బాగోలేదా? మా ఇల్లు సిన్నదని అలిగినావా? సిన్న ఇల్లే నాయనా, గానీ నీకు సోటు లేనంత సిన్నది కాదు. లే బాబూ."

అల్లుడు తల ఇంకా అటు తిప్పాడు.

"బాగా అలుగు నాయనా! తొందరపడి లేవకు!" అంది పెద్దామె.

మా ఆయన వాచీ విప్పి అతని చేతికి కట్టారు.

"వాచీకే లేచిపోకు, బండి అడుగు!" అని వెనకనించి ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. అల్లుడు ఇక ఆపుకోలేక నవ్వేసి లేచాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెర పక్కనించి సరిగ్గా కనబడలేదు. నా కళ్ళూ అంత బాగా లేవు అప్పుడు.

మా తమ్ముడు తాడు పట్టుకుని ముందుకొచ్చాడు. "సరే బావా, సంతోషం. ఇప్పుడన్నా పట్టియ్యి. కత ఆగిపోయింది."

"ఏటి పట్టిచ్చీది?"

"అల్లుణ్ణి బావా. నాటకం!"

"ఇప్పుడే కదరా వాచీ కట్టినాను. వాచీ కట్టిన సేతికి తాడు కట్టిత్తావేటి?"

అల్లుడు కూడా భయపడ్డాడు. "మామా, పట్టియ్యాలి మామా. హిస్టరీ మామా!"

"నీ హిస్టరీ నానున్నంతకాలం జరగదు."

ఇంకా ఏదో అనబోతున్న రోము దొరని చూసి, మా ఆయన పక్కనున్న సైనికుడి చేతిలోంచి ఈటె లాక్కున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఈటెతో కదలకుండా నిలబడిన మనిషి మొదటిసారి దాన్ని తిప్పారు. ఎక్కడ నేర్చారో! గిర్రున తిరిగింది. సైనికులు ఒకరి మీద ఒకరు పడి మెట్ల మీదుగా దిగిపోయారు. మా తమ్ముడి హెల్మెట్ మీద చీపురు ఊడి మైకు ముందు పడింది. "బావా, నేను బావమరిదిని!" అని అరుస్తూ రోము సామ్రాజ్యం క్యాంటీన్ వైపు పారిపోయింది. మా ఆయన అల్లుడి పక్కన ఈటె నేలకి తన్నిపెట్టి, ఎప్పటిలాగే కదలకుండా నిలబడ్డారు.

జనం అందరూ నా వైపు చూశారు. కథ నా చేతిలో పడింది. పైగది అబ్బాయి ఫోను నా వైపు తిప్పాడు. ఉన్నది ఉన్నట్టు చేస్తామని మాటిచ్చిన మనిషిని నేనే కదా. మైకు పట్టుకుని, మొదట తెలుగులో, తర్వాత మలాయ్‌లో చెప్పాను. "అసలు కథలో ఆ మామగారు అల్లుణ్ణి పట్టిచ్చేశాడు. ఆ రాజు చీకట్లో, ఆకలితో పోయాడు. అది నిజం. ఈ మామగారికి మాత్రం చేతకాలేదు. క్షమించండి. అందరూ టీ తాగి వెళ్ళండి."

టీల దగ్గర ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళవి. "మక్చిక్, రెండు వేల ఏళ్ళుగా మా రాజుని ఎవరూ కాపాడలేదు. చివరికి పక్చిక్ ఈటె పట్టుకున్నారు" అన్నాడు. పక్చిక్ అంటే బాబాయిగారు.

మర్నాడు పొద్దున్న వాళ్ళ నాయనమ్మ దగ్గరినించి జవాబు వచ్చిందట. మాటలు అర్థం కాకపోయినా ఆవిడ మూడుసార్లు చూసిందట. ఒకటే అడిగిందట, ఆ మామగారికి ఇంకో కూతురుందా అని. మా ఆయన ముద్ద మింగి గబగబా, "లేదని సెప్పు. ఒక్కర్తే అని సెప్పు" అన్నారు. ఇంకో అల్లుణ్ణి కాపాడే ఓపిక తనకి లేదన్నారు.

మా తమ్ముడు నెల రోజులుగా బావతో మాట్లాడడం లేదు. ఇప్పుడు వాడి అలక తీర్చాలి. వచ్చే ఏడు నాటకంలో బావకి మళ్ళీ ఈటె వేషమే, అదీ అట్టతో చేసిన ఈటె అని ఇప్పటినించే చెప్పి తిరుగుతున్నాడు.

ఇంట్లో ఫ్యానుకి మాత్రం పని తగ్గింది. ఇప్పుడు పొద్దున్న లేచిన దగ్గర్నించి అల్లుడి పేరిటే కేకలు. గ్యాసు అయిపోతే అల్లుడా, టీవీ రాకపోతే అల్లుడా, చెప్పులు కనబడకపోతే రెండు వీధుల అవతలికి ఫోన్ చేసి అల్లుడా. "అత్తా, ఆఫీసులో ఉన్నా పిలుస్తున్నారు లా" అని గునిశాడు ఒకరోజు. మరి కోరుకున్నది నువ్వే కదా నాయనా అన్నాను.

అయితే అతనూ తక్కువవాడు కాదు. అలక రుచి మరిగాడు. మొన్న ఆదివారం పీతలు వండలేదని కంచం ముందు చేతులు కట్టుకుని తల అటు తిప్పుకున్నాడు. మా ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి, మార్కెట్టుకని బండి తాళం వెతుకుతూ వంటింట్లోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"ఒలే, సూసినావా! మనోడు మళ్ళీ అలిగినాడు!"